బొట్టు పెట్టిన సర్వర్

ఆఫీసు ఎత్తేసేటప్పుడు కుర్చీలూ బల్లలూ తీసెయ్యడం పెద్ద పనేం కాదు. కంప్యూటర్లని చంపడమే అసలు పని. నేనలా అంటే మావారికి నచ్చదు. "చంపడమేంటే, పారెయ్యడం అనలేవూ" అంటారు. పారెయ్యడం వేరు, చంపడం వేరు. పారేసిన కంప్యూటర్‌ని ఎవడో ఏరుకుంటాడు, ప్లగ్గు పెడతాడు, లోపలున్నవన్నీ తీరిగ్గా చదువుకుంటాడు. డిలీట్ కొడితే పోతుందనుకునేవాళ్ళని నేను ఒక్కటే అడుగుతాను. పుస్తకంలో విషయసూచిక చింపేస్తే కథలు పోతాయా? పేజీలన్నీ అక్కడే ఉంటాయి కదా. అందుకే డిస్కుకి చిల్లు పొడవాలి. పొడిచాక రీసైక్లింగ్ వాళ్ళు తీసుకెళ్ళి ఇనుము ఇనుముగా, రాగి రాగిగా విడదీస్తారు. ఫలానా డిస్కు అందరి కళ్ళముందు నాశనమైందని సర్టిఫికెట్ ఇస్తారు. ఖతర్‌లో మా ప్రాజెక్టు చివరికి వచ్చేసరికి ఐటీ మనిషిగా నేను చేసిన పని ఇదే.

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఇంకా కొన్ని నెలల్లో ఉంది. మా కంపెనీ కట్టిన స్టేడియం తాళాలు అప్పగించేసింది. ఊరంతా రంగులు వేస్తున్నారు, రోడ్ల పక్కన గడ్డి పరుస్తున్నారు. కట్టినవాళ్ళు మాత్రం బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. సైటు పక్కన క్యాబిన్లలో ఉండే మా ప్రాజెక్ట్ ఆఫీసుని ఖాళీ చెయ్యమన్నారు. డిస్కులన్నీ ఊడదీసి, అబూ హమూర్‌లో ఉన్న కంపెనీ స్టోర్‌కి పంపించి, అక్కడ ఇనుప జాలీ గదిలో పెట్టి తాళం వేయించాను. చిల్లులు పొడిచే మనిషి గురువారం మిషన్ తీసుకుని వస్తాడు. అప్పటిదాకా ఆ తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర ఉంటుంది.

ఆ స్టోర్‌కీపర్ నిజామాబాద్ జిల్లా మనిషి, గోదావరి ఒడ్డు ఊరు. మీసాలు మొలిచే వయసులో కాంక్రీటుకి చెక్కలు బిగించే షట్టరింగ్ పనికి వచ్చి, నడుం పట్టేశాక స్టోర్‌లో కూర్చున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడం అనేవాడు. ఆ గురువారం పోయి ఆదివారం రాత్రికే ఆయనది ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్ళీ తిరిగి రాని ప్రయాణం. టికెట్ వచ్చేసింది. వాళ్ళావిడ ఫోన్‌లో "దుబాయ్ ఇడిశిపెట్టి అస్తున్నవా లేదా, నమ్మమంటవా" అని అడుగుతుంటే స్టోర్‌లో అందరికీ వినబడేది. ఈయన ఖతర్‌లో ఉన్నాడని ఆవిడకి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు కాబోలు. వెళ్ళేముందు అన్ని డిపార్ట్‌మెంట్లూ క్లియరెన్స్ ఇవ్వాలి. ఐటీ తరఫున సంతకం పెట్టాల్సింది నేను.

ఇక ఆ సర్వర్ సంగతి. మా ఆఫీసులో హాజరు సర్వర్ అని ఒకటుండేది. క్యాంపు గేటు దగ్గర కూలీలు వేలు పెడితే ఆ గుర్తు వచ్చి పడేది ఇందులోనే. వేలు పడితే ఆ రోజు డ్యూటీ ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. వేలిముద్రలు, పాస్‌పోర్టు కాపీలు, మెడికల్ రిపోర్టులు, వేలమందివి అందులో ఉన్నాయి. ముందు భాగంలో రెండు డిస్కులు సొరుగుల్లా ఒకదాని మీద ఒకటి అమరి ఉంటాయి. దసరాకి పై సొరుగు మీద నేను పసుపు రాసి కుంకం బొట్టు పెట్టేదాన్ని. మా అమ్మ మిక్సీకీ, సైకిల్‌కీ, ఆఖరికి గ్యాస్ బండకి కూడా ఆయుధపూజ చేసే మనిషి. నాకు భక్తి ఉందా అంటే ఏమో, అలవాటైతే ఉంది. కొత్తలో ఒకసారి బొట్టుతో ఆగక అగరొత్తి కూడా వెలిగించాను. పొగ పసిగట్టే అలారం మోగి ఆఫీసు మొత్తం మండుటెండలోకి పరిగెత్తింది. ఇంకోసారి సర్వర్ రూమ్‌లో ఇలాంటివి చేస్తే ఉద్యోగం ఉండదని మా లెబనాన్ మేనేజరు వార్నింగ్ ఇచ్చాడు. ఆ తర్వాత ఎవరూ చూడకుండా బొట్టు మాత్రం పెట్టేదాన్ని. స్టోర్ అన్న మాత్రం ఏదో పని పెట్టుకుని ఆ రోజు వచ్చేవాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, వచ్చి దణ్ణం పెట్టుకుని పోయేవాడు. నాకు నవ్వొచ్చేది.

గురువారం మిషన్ వచ్చింది. చిల్లులు పొడిచేవాడు పెషావర్ కుర్రాడు, చెవులకి పెద్ద మూతలు తగిలించుకుని, ఇత్తడి సామాను తోమేవాడిలా చకచకా పని కానిచ్చేస్తున్నాడు. నేను నంబర్లు చదువుతున్నాను, మా మేనేజరు టిక్కులు పెడుతున్నాడు. హాజరు సర్వర్ డిస్కులున్న పెట్టె తెరిచాం. కింది సొరుగు ఉంది. పైది లేదు.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. జాలీ గది తాళం పగల్లేదు, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. స్టోర్‌లో అప్పటికి హెల్పర్లు, డ్రైవర్లు, మా మలయాళీ అకౌంటెంటు, అందరూ ఉన్నారు. అందరిముందు అడిగాను.

"పై డిస్కు ఏదన్నా?"

ఆయన నేలచూపులు చూశాడు. "నేనే దీసిన మేడం."

"తీసి?"

"లేదు ఇప్పుడు. పోయింది."

ఆ 'పోయింది'తో నా ఒళ్ళు మండింది. అందులో ఎంతమంది బతుకులున్నాయో నాకు తెలుసు. పాస్‌పోర్టు కాపీ దొరికితే చాలు, ఆ పేరుమీద ఎవడైనా సిమ్ము కొంటాడు, అప్పు తీసుకుంటాడు. మూడు రోజుల్లో ఊరెళ్ళిపోయే మనిషి, ఎవరికో అమ్మేసుంటాడనుకున్నాను. ఎప్పుడూ మీరు అనే నోటితో "నువ్వు" అన్నాను. వాళ్ళ జిల్లాలో నువ్వు అంటే తప్పు లేదు, ఆయన నన్నూ నువ్వనే అంటాడు, అందులో మర్యాద ఉంటుంది. నేనన్నది ఆ నువ్వు కాదు.

"సిగ్గులేదూ నీకు? ఇన్నేళ్ళు అన్నం పెట్టిన కంపెనీ కదా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమా నువ్వు?"

తెలుగు రానివాళ్ళకి కూడా అర్థమైపోయింది. హెల్పర్లు పక్కకి తిరిగారు. ఆయన చేతిలో ఉన్న తాళంచెవిని బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మేనేజరు నాలా అరవడు. ఆయనకి హిందీ రాదు, తెలుగు రాదు. నన్ను అనువాదం చెయ్యమని ప్రశాంతంగా అడిగాడు. డిస్కు ఎక్కడుంది? ఎవరికిచ్చావు? ఎందుకు తీశావు? ప్రతిదానికీ అన్న ఒకటే సమాధానం. నేనే తీసిన, ఎవరికీ ఇయ్యలే, అంతకన్న చెప్పలేను. మేనేజరు క్యాలెండర్ చూశాడు. ఆదివారం పొద్దున డిస్కు ఈ బల్లమీద ఉండాలి, లేకపోతే పోలీస్ కంప్లయింట్ ఇస్తాను అన్నాడు. కేసు పడితే ప్రయాణం ఉండదని ఆ గదిలో అందరికీ తెలుసు. కేసు తేలేదాకా దేశం దాటనివ్వరు. అది నెలలు పడుతుందో, ఇంకెంతో ఎవరూ చెప్పలేరు. ఆ మాట కూడా నేనే తెలుగులో చెప్పాను, బాగా తగిలేలా చెప్పాను.

సాయంత్రం కారు దగ్గరికొచ్చేసరికి ఆయన అక్కడ నిలబడి ఉన్నాడు. నేను చూడనట్టు డోరు తీశాను.

"మేడం, ఒక్క మాట. ఆల్ల ముందట చెప్తే నీ మీదికి వస్తది అని చెప్పలే."

"నామీదికా? నేనేం చేశానన్నా?"

"బొట్టు వెట్టినవ్ గదా."

అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు కాదు, తప్పు చేసినవాడు పంచాయితీలో చెప్పుకున్నట్టు చెప్పాడు.

"బొట్టు వెట్టి మొక్కినదాన్ని మిషన్ కింద పెట్టి పొడుస్తరు అన్నవ్. నాకు మనసొప్పలే. మనింట్ల పగిలిన పటమైనా చెత్తల ఎయ్యం, గోదావరిల ఇడుస్తం. ఈడ గోదారి యాడిది? పోయిన శుక్రారం వక్రా సముద్రం కాడికి పోయిన. ఎర్రబట్టల కట్టి, మోకాలి లోతు నీళ్ళల్ల దిగి ఇడిశిన. డిస్కు లేకపోతే ఇంత లొల్లి అయితదని నాకు తెల్వదు. చచ్చినదే గదా అనుకున్న."

నేను తీసిన డోరు మళ్ళీ వేసేశాను.

"మల్ల పూజ సంగతి చెప్తే ఆ సాబు నిన్ను తీసేస్తడు. నేనైతే ఎట్లైనా పొయ్యేటోన్నే. నువ్వు ఉండేదానివి." మళ్ళీ ఆయనే అన్నాడు, "వాసాలు అన్నవ్ మేడం. నేను గూడ గదే అనుకున్న. దానిల వేలు వెట్టే గదా ఇన్నేండ్లు తిన్నది. తిన్నింటికి చిల్లు ఎట్ల పొడుస్తం?"

తల కొట్టేసినట్టయింది. అంతకంటే మంచి మాట నాకు దొరకడం లేదు. దొంగ అని నేను అరిచిన మనిషి నా ఉద్యోగం కోసం నోరు కుట్టుకుని నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ సిగ్గు కూడా నాకు శుభ్రంగా కలగలేదు. దాని వెనకాలే ఇంకో సిగ్గు తోసుకొచ్చింది. ఈ సంగతి ఆ లెబనాన్ మనిషికి, ఆ మలయాళీ అకౌంటెంటుకి ఎలా చెప్పాలి? మావాడు హార్డ్ డిస్కుని సముద్రంలో నిమజ్జనం చేశాడని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఏడాదంతా చెప్పుకుని నవ్వుకుంటారే. నిలబడిన చోటే ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను, ఆయన్ని చూసి సిగ్గుపడినందుకు నన్ను చూసుకుని సిగ్గుపడ్డాను.

పైగా నీళ్ళలో పడితే డిస్కు చావదు. పైన పెట్టె తుప్పు పడుతుంది, లోపలి పళ్ళేలు మాత్రం అలాగే ఉంటాయి, పనితెలిసినవాడు చదవగలడు. ఆ సంగతి ఆయనకి చెప్పాను. ఆయన ముఖం అప్పుడు వాడింది.

మేముండేది అల్ వుకైర్‌లో, వక్రా సముద్రం పక్కనే. శుక్రవారం పొద్దున్నే ఆయన్ని క్యాంపులో ఎక్కించుకుని ముగ్గురం వెళ్ళాం. కారు దిగేటప్పుడు మావారు నా చెవిలో "బొట్టు పెట్టేటప్పుడు ఆలోచించావా ఇంతదూరం" అన్నారు.

సముద్రం అక్కడ లేదు. నీళ్ళు వెనక్కి పోయి, ఎక్కడో దూరంగా గీతలా కనిపిస్తున్నాయి. ఒడ్డునించి అంతదాకా బురద, గవ్వలు, నాచు. అన్న నోరు తెరిచి చూస్తున్నాడు. ఇన్నేళ్ళు సముద్రం పక్కనుండీ దాంట్లో కాలుపెట్టింది ఆ ఒక్క శుక్రవారమే. గోదావరిలో వదిలింది పోతుంది, ముందుకే పోతుంది. రోజూ ఇలా వెనక్కి జరిగి దాచినదంతా బయటపెట్టే నీళ్ళుంటాయని ఆయనకి తెలియదు.

"గా మసీదు మీనార్‌కి ఎదురుంగ దిగిన," అన్నాడు.

ముగ్గురం చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచాం. మా ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచారు. ఎండ ఎక్కుతోంది. ఎర్రగా కనిపించిన ప్రతిదాని దగ్గరికీ వెళ్ళాం. కూల్‌డ్రింక్ డబ్బాలు, చినిగిపోయిన గాలిపటం, ఎవరిదో పిల్లల చెప్పు. నా మనసులో ఏం నడుస్తోందంటే, ఇది దొరక్కపోతే ఈ మనిషి ఇంటికి వెళ్ళడు. వాళ్ళావిడ "నమ్మమంటవా" అని అడుగుతూనే ఉంటుంది. దేవుడా అనుకున్నాను, అనుకున్నాక ఏ మొహంతో అనిపించింది.

దొరికింది ఆయనకే. బురదలో సగం కూరుకుపోయి ఉంది. ఎర్ర జాకెట్టు ముక్క వెలిసి గులాబీరంగుకి వచ్చింది, ముడి మాత్రం విడలేదు. వాళ్ళావిడకని కొనుక్కున్న కొత్త జాకెట్టు ముక్కట అది. ఆయన దాన్ని రెండు చేతులతో తీసి, నీళ్ళు కారుతుంటే గుండెకి ఆనించుకుని, "వాపస్ ఇచ్చింది మేడం, సముద్రం వాపస్ ఇచ్చింది" అన్నాడు. ముడి విప్పి చూశాం. పసుపు పోయింది. కుంకం పోయింది. ఉప్పు పట్టిన ఇనుము మిగిలింది.

ఆదివారం పొద్దున మేనేజరు గదిలోకి నేనే ముందు వెళ్ళాను. అన్న పేరు బయటికి రాకుండా ఏదో అల్లి చెప్పొచ్చు, శనివారమంతా అల్లాను కూడా. తీరా కుర్చీలో కూర్చున్నాక ఒక్కటీ నోట్లోంచి రాలేదు. సర్వర్‌కి బొట్టు పెట్టింది నేనని చెప్పాను. వద్దన్నాక కూడా పెట్టానని చెప్పాను. మా వాళ్ళు పూజ చేసినదాన్ని పగలగొట్టరని, నీళ్ళలో వదులుతారని, ఆయన చేసింది దొంగతనం కాదని ఇంగ్లీషులో చెప్తుంటే చెవులు వేడెక్కిపోయాయి. నవ్వుతాడని ఎదురుచూశాను. తిడతాడని ఎదురుచూశాను. ఆయన డిస్కుని చేతిలోకి తీసుకుని నంబరు సరిచూసుకుని, "పద" అన్నాడు.

స్టోర్‌లో మళ్ళీ అందరూ ఉన్నారు, గురువారం ఉన్నవాళ్ళే. పెషావర్ కుర్రాడు చెవులకి మూతలు తగిలించుకుని మిషన్ దగ్గర రెడీగా ఉన్నాడు. మేనేజరు డిస్కుని బల్లమీద పెట్టి, తలమీద టోపీ తీసి, నా వైపు తిరిగాడు. ముందు ఏమైనా చెయ్యాల్సింది ఉంటే చెయ్యండి, మేం ఆగుతాం అన్నాడు.

ఆయన ఎగతాళి చేసుంటే నాకు బలం వచ్చేది. ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన నిజంగానే టోపీ చేత్తో పట్టుకుని ఆగాడు. ఆయన్ని చూసి అకౌంటెంటు, డ్రైవర్లు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు ఒక్క శ్లోకం రాదు. ఏం చెయ్యాలో తెలియదు. ఏటేటా బొట్టు పెట్టి నవ్వుకుంటూ వెళ్ళిపోయిన మనిషిని నేను. చెప్పులు విడిచి మొక్కినాయన నా పక్కనే ఉన్నాడు.

"మీరు చెయ్యండన్నా," అన్నాను మెల్లగా.

"నీ చేత్తోనే మొదలైంది మేడం. నువ్వే వెట్టు."

కుంకం లేదు. నా నుదుటిమీది స్టిక్కర్ తీసి, ఆ ఉప్పు పట్టిన ఇనుము మీద అంటించాను. సరిగ్గా నడిమధ్యలో పడింది. అన్న డిస్కుని తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. మేనేజరు తలూపాడు.

చెవులు మూసుకున్న ఆ పెషావర్ కుర్రాడికి ఇదేదీ వినబడలేదు. డిస్కు అందుకుని, ఎర్రచుక్క చూసి, ఎక్కడ పొడవాలో గుర్తు పెట్టి ఇచ్చాననుకున్నాడు. "నిషాన్ లగా దియా? షుక్రియా మేడం" అని గుర్తు పెట్టినందుకు నాకు థాంక్స్ చెప్పాడు. నేను చెయ్యి ఎత్తేలోగా మిషన్ మొన తెచ్చి ఆ చుక్క మీదే ఆనించాడు. కీచుమంది. ఇనుప రజను ఎగిరింది. బొట్టున్న చోట చిల్లు, ఆ చిల్లులోంచి బల్ల కనిపిస్తోంది.

నేను కళ్ళు మూసుకున్నాను. అన్న ఏమంటాడో విననక్కర్లేకుండా పోతే బాగుండుననుకున్నాను.

"మంచిగ పోయింది మేడం," అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. "ముత్తయిదువ లెక్క, బొట్టుతోని పోయింది."

సర్టిఫికెట్ మీద అందరూ సంతకాలు చేశారు. క్లియరెన్స్ కాగితం నా ముందు పెట్టారు. నేను పెన్ను పట్టుకుని, శనివారమంతా కూడబలుక్కున్న మాట మొదలుపెట్టాను. "అన్నా, ఆ రోజు అందరిముందు నేనన్న మాట..."

ఆయన నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. నా మొహం వంక చూసి, "నొసలు బోసిగున్నది మేడం, ఇంటికి పోంగనే బొట్టు వెట్టుకో. గట్ల ఉండొద్దు" అన్నాడు. తర్వాత కాగితం నా వైపు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

పెట్టాను. కాగితం ఇచ్చేటప్పుడు ఆయన మొహంలోకి చూడలేకపోయాను.